శరత్కాలపు సుఖ్నా: నగర సరస్సు ఒడ్డున పక్షివీక్షణకు ఒక రోజు

నైరుతి రుతుపవనాలు వెనుదిరిగి, ఆకాశం తేటపడి, చెరువులలో నీరు నిలకడకు వచ్చే ఆశ్వయుజ, కార్తిక మాసాలు ఉత్తర భారతంలో వలసపక్షుల రాకకు ఆరంభకాలం. ఆ రాకను నగరం దాటకుండానే చూడగల ప్రదేశాలలో చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు ముఖ్యమైనది. ఒకవైపు నడకకు వచ్చే జనం, మరొకవైపు కొండల మీది అడవి, నడుమ నీరు. ఆ నీటిపై సెప్టెంబరు మొదలు నవంబరు వరకు పక్షుల సంఖ్య వారం వారం మారుతుంది. ఏ పక్షి వచ్చింది, ఎక్కడ వాలింది, ఎన్ని వచ్చాయి అనే మూడు ప్రశ్నలకు ఒక రోజు పరిశీలనలో దొరికే సమాధానాలు, ఆ ఏడాది సరస్సులో నీరు ఏ స్థితిలో ఉన్నదో కూడా తెలియజేస్తాయి.

కట్టతో పుట్టిన సరస్సు

సుఖ్నా ప్రకృతి ప్రసాదించిన సరస్సు కాదు. నగరానికి ఈశాన్యాన, శివాలిక్ కొండల పాదాన, వానాకాలంలో మాత్రమే పారే సుఖ్నా చో అనే వాగుకు అడ్డంగా 1958లో కట్ట వేయగా ఏర్పడింది. కొండవాగును అక్కడివారు ‘చో’ అంటారు. కొత్త నగరానికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి లె కార్బూజియే, చీఫ్ ఇంజనీరు పి.ఎల్. వర్మ ఈ నిర్మాణానికి కారకులు. కట్టమీద వాహనాలు తిరగరాదని, నీటిలో మోటారు పడవలు నడవరాదని కార్బూజియే కోరాడు. నగరవాసుల ప్రశాంతత కోసం చేసిన ఆ ఏర్పాటు పక్షులకు కూడా మేలు చేసింది.

శివాలిక్ కొండల మట్టి వదులుగా ఉంటుంది. ప్రతి వానకూ అది కోసుకుపోయి వాగులో పడుతుంది. సరస్సు ఏర్పడిన కొద్ది ఏళ్ళకే పూడిక పెద్ద సమస్యగా మారడంతో, పరీవాహక ప్రాంతంలో సుమారు 25 చదరపు కిలోమీటర్ల భూమిని సేకరించి చెట్లు నాటారు. ఆ విధంగా పెరిగిన అడవిని 1998లో సుఖ్నా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. కేంద్ర ప్రభుత్వం 1988లోనే సరస్సును జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తించింది. 2020 మార్చిలో పంజాబ్, హర్యానా హైకోర్టు సుఖ్నాను చట్టపరమైన హక్కులు గల జీవిగా ప్రకటిస్తూ తీర్పు ఇచ్చింది. పరీవాహక ప్రాంతంలోని కట్టడాలపై వివాదం తరువాత సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళింది.

శరత్తులో వచ్చేవారి వరుస

వానలు మొదలు కాగానే హంసలు మానస సరోవరానికి వెళ్ళిపోతాయని, శరత్తులో నీరు తేరుకున్నాక తిరిగి వస్తాయని సంస్కృత కావ్యాలలోను, వాటి ననుసరించిన తెలుగు కావ్యాలలోను స్థిరపడిన కవిసమయం ఉంది. అందులో ఉన్న కాలపరిశీలన నేటి శాస్త్రానికి దగ్గరగానే ఉంది. తలవెనుక రెండు నల్లని పట్టెలు గల పట్టెతల బాతులు వేసవిలో టిబెట్, మధ్యాసియా ఎత్తైన ప్రదేశాల సరస్సుల వద్ద గుడ్లు పెట్టి, చలికాలానికి భారత భూభాగానికి దిగివస్తాయి. హిమాలయాలను దాటేటప్పుడు అవి 7,000 మీటర్లకు పైగా ఎత్తున ఎగిరిన సందర్భాలు పరికరాల ద్వారా నమోదయ్యాయి. రాత్రివేళ జంటలు విడిపోయి ఒకదానినొకటి పిలుచుకుంటాయని కవులు వర్ణించిన చక్రవాకం కూడా నేటికీ వచ్చే పక్షియే. నారింజ, ఇటుక రంగులు కలిసిన దేహంతో ఉండే ఈ పక్షిని తెలుగునాట బాపనబాతు అంటారు. లదాఖ్, టిబెట్ ప్రాంతాలలో అది పిల్లలను పెంచుతుంది.

సైబీరియా నుంచి హిందూ మహాసముద్రం వరకు సుమారు 30 దేశాల మీదుగా సాగే ఈ దారిని మధ్యాసియా వలసమార్గం అంటారు. హిమాలయాలు దాటి మైదానంలోకి దిగే పక్షులకు శివాలిక్ పాదాన ఉన్న జలాశయాలు తొలి విడిదులు. కొన్ని ఇక్కడే చలికాలం గడుపుతాయి. మరికొన్ని కొద్ది రోజులు మేసి, బలం పుంజుకుని, దక్షిణానికి సాగిపోతాయి.

వీటి రాకలో ఒక వరుస కనిపిస్తుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో బురద అంచులను వెదుక్కునే ఉల్లంకులు, తోక ఆడిస్తూ నడిచే కాటుకపిట్టలు ముందుగా దిగుతాయి. ఆ తరువాత చిన్న పరజ బాతులు, తెడ్డు వంటి ముక్కు గల బాతులు వస్తాయి. అక్టోబరు గడిచేకొద్దీ సూదితోక బాతులు, బొల్లికోళ్ళు, నీటిలో మునిగి మేసే ఎర్రతల బాతులు చేరుతాయి. పెద్ద బాతుల గుంపులు సాధారణంగా నవంబరులో కనిపిస్తాయి. అందువల్ల శరత్కాలంలో పదిహేను రోజుల ఎడంతో రెండుసార్లు వెళ్ళిన వీక్షకునికి ఒకే సరస్సుపై రెండు వేర్వేరు జాబితాలు దొరుకుతాయి.

ఉదయం: కట్టమీద

అక్టోబరు రెండవ పక్షంలో చండీగఢ్‌లో ఉదయం ఆరున్నర ప్రాంతంలో సూర్యోదయమవుతుంది. వెలుతురు వచ్చిన తొలి రెండు గంటలు పక్షివీక్షణకు ఉత్తమం. రాత్రంతా మేసిన బాతులు అప్పటికింకా విశ్రాంతికి చేరవు. పడవల సందడి మొదలు కాదు. గాలి నిలకడగా ఉండి నీరు అద్దంలా ఉంటుంది.

నడకదారులు ఎక్కువగా ఉండే వైపు నుంచి, వరదగేట్లు ఉన్న రెగ్యులేటర్ చివర వైపు వెళ్ళేకొద్దీ జనం పలుచబడతారు. పక్షివీక్షకులు ఆ చివరను ఇష్టపడడానికి కారణం అదే. అక్కడ ముందుగా చూడవలసింది నీటిని కాదు, ఒడ్డును. రాళ్ళపై రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకులు, కదలక నిలబడే నారాయణపక్షి, గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి ఒక్కసారిగా నీటిలోకి దూకే నలుపు తెలుపుల లకుముకిపిట్ట అక్కడ ఏడాది పొడవునా కనిపించే పక్షులు. వీటి ఆకారం, నడత కంటికి అలవాటైతే, కొత్తగా వచ్చినది ఏదో వెంటనే తెలుస్తుంది.

పరికరాల విషయంలో ఆడంబరం అవసరం లేదు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపి, 42 మిల్లీమీటర్ల ముందు కటకం గల బైనాక్యులర్లు నగర సరస్సుకు సరిపోతాయి. అంతకంటె ఎక్కువ పెద్దదిగా చూపే వాటిలో చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. నీటి నడుమ దూరంగా ఉన్న గుంపులను వేరుచేయడానికి మాత్రం కాళ్ళపై నిలబెట్టే టెలిస్కోపు ఉపకరిస్తుంది. ఒక చిన్న పుస్తకం, పెన్సిలు తప్పనిసరి.

పూర్వాహ్నం: బాతులను పోల్చుకోవడం

చలికాలంలో మగబాతులు రంగురంగులుగా ఉంటాయి గనుక వాటిని గుర్తించడం తేలిక. శరత్తులో ఆ సౌకర్యం ఉండదు. గుడ్లు పెట్టే కాలం ముగిసిన తరువాత మగబాతులు మెరుపు ఈకలను రాల్చి, కొంతకాలం ఆడబాతుల వలె మట్టిరంగులో ఉంటాయి. రెక్కల ఈకలు కూడా ఒకేసారి రాలిపోయే ఆ దినాలలో శత్రువుల కంట పడకుండా ఈ వేషం కాపాడుతుంది. సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చే మగబాతులలో చాలావరకు ఇంకా ఈ వేషంలోనే, లేదా సగం మారిన రంగులతో ఉంటాయి. కనుక రంగును పక్కనబెట్టి మూడు గుర్తులను ఆశ్రయించాలి.

మొదటిది ఆకృతి. తెడ్డుమూతి బాతు ముక్కు తలకంటె పొడవుగా, చివర వెడల్పుగా ఉండి, నీటిపై ముందుకు ఒరిగినట్టు కనిపిస్తుంది. సూదితోక బాతుకు సన్నని పొడవైన మెడ ఉంటుంది. ఎర్రతల బాతు నుదురు వాలుగా జారి ముక్కులో కలిసిపోతుంది. రెండవది రెక్కపై ఉండే పట్టీ. ఎగిరినప్పుడు చిన్న పరజ రెక్కపై ఆకుపచ్చ మెరుపు, తెడ్డుమూతి బాతు ముందు రెక్కపై లేత నీలం కనిపిస్తాయి.

మూడవది, అన్నింటికంటె నమ్మదగినది, మేత తీరు. కొన్ని బాతులు నీటిపై తేలుతూ తల ముంచి, తోకను పైకెత్తి అడుగున ఉన్న మేతను అందుకుంటాయి. సూదితోక బాతు, చిన్న పరజ ఈ వర్గానివి. ఇవి కాళ్ళ కింద నేల ఉన్నట్టే నీటి మీది నుంచి నిట్టనిలువుగా లేస్తాయి. ఎర్రతల బాతు వంటివి పూర్తిగా మునిగి, కొన్ని క్షణాల తరువాత మరొకచోట తేలుతాయి. వీటి కాళ్ళు దేహానికి వెనుకగా అమరి ఉంటాయి. అందుకే ఎగరబోయే ముందు నీటిపై కొంతదూరం పరుగెత్తవలసి వస్తుంది. తెడ్డుమూతి బాతుల మేత వేరొక వింత. ముక్కు అంచున దువ్వెన పళ్ళవంటి సన్నని అమరిక ఉండి, నీటిని వడగట్టి సూక్ష్మజీవులను నిలుపుకుంటుంది. అవి గుంపుగా చేరి గుండ్రంగా ఈదుతూ అడుగున ఉన్న మేతను పైకి రప్పిస్తాయి.

నల్లని దేహం, నుదుట తెల్లని బొల్లి గల బొల్లికోడిని కొత్తవారు బాతుగా పొరబడతారు. అది బాతు కాదు. నీటికోళ్ళ కుటుంబానికి చెందినది. దాని కాలివేళ్ళ మధ్య చర్మం ఉండదు. ఒక్కొక్క వేలికి రెండువైపులా రేకుల వంటి అంచులు ఉంటాయి.

మధ్యాహ్నం: చెట్ల నీడన

ఎండ పెరిగేకొద్దీ బాతులు నీటి నడుమకు చేరి, ముక్కును వీపు ఈకలలో దాచుకుని నిద్రిస్తాయి. అప్పుడు సరస్సును ఆనుకుని ఉన్న అడవి దారి మేలు. చలికాలపు అతిథులలో సగం చెట్లపైనే ఉంటాయి. హిమాలయ సానువులలో వేసవి గడిపి కిందికి దిగివచ్చే చిన్న చిన్న పిట్టలు ఆకుల నడుమ క్షణకాలం కూడా నిలవవు. వాటిని చూపుతో కాక కూతతో వేరుచేయడం అనుభవజ్ఞుల పద్ధతి. దట్టమైన పొదల వద్ద నెమళ్ళు, అదృష్టం ఉంటే అభయారణ్యం అంచున కణుతులు కూడా కనిపిస్తాయి.

తీగలపై, ఎండుకొమ్మలపై పాలపిట్ట కనిపించే అవకాశం ఉంది. విజయదశమి నాడు పాలపిట్టను చూడడం శుభమని తెలంగాణ పల్లెలలో నమ్మకం. ఉత్తరాదిలోనూ నీలకంఠ్ పేరుతో అదే ఆచారం ఉంది. తెలంగాణ రాష్ట్రపక్షి కూడా అదే. ఆ ఆచారం శరత్కాలపు పక్షివీక్షణయే అయినా, పక్షిని పట్టి పంజరంలో పెట్టి ఊరూరా చూపడం దానిని వికృతం చేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పొలం గట్టున స్వేచ్ఛగా వాలిన పక్షిని చూడడమే ఆచారానికి అర్థం.

సాయంత్రం: గద్దల రాక, బాతుల పయనం

సాయంత్రపు ఎండ కట్టమీద నిలబడినవారికి వెనుక నుంచి పడి, నీటిపై ఉన్న పక్షుల రంగులు స్పష్టంగా తేలుతాయి. ఉదయం పోల్చుకోలేక వదిలేసిన గుంపును మళ్ళీ చూడడానికి ఇదే సమయం. అయితే అక్టోబరు చివర, నవంబరులో ఆ ప్రాంతంలో వరికొయ్యలు కాల్చిన పొగ, మంచు కలిసి దూరదృష్టిని తగ్గిస్తాయి. అటువంటి దినాలలో దూరపు గుంపులను అనుమానంతో నమోదు చేయడం కంటె ‘గుర్తించబడని బాతులు’ అని రాసుకోవడం శ్రేయస్కరం.

సూర్యుడు వాలే వేళకు రెల్లు అంచుల మీదుగా పిల్లిగద్ద తక్కువ ఎత్తున తేలిపోతుంది. అది కనిపించగానే నీటిపై ఉన్న బాతులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. గుంపు పరిమాణాన్ని అంచనా వేయడానికి అదొక అవకాశం. చేపలను ఆహారంగా గల కొరమీను గద్ద వచ్చినప్పుడు అంత కలకలం ఉండదు. దానివల్ల తమకు ప్రమాదం లేదని బాతులకు తెలుసు. చీకటి పడుతుండగా అనేక బాతులు సరస్సును విడిచి చుట్టుపక్కల పొలాలకు, మడుగులకు మేతకు వెళతాయి. పగలు విశ్రాంతి ఇచ్చే నీరు, రాత్రి మేత ఇచ్చే భూమి రెండూ ఉంటేనే వాటికి ఆ ప్రదేశం చలికాలపు నివాసమవుతుంది.

నీటి లోతే నిర్ణేత

తలముంచి మేసే బాతులకు మెడ అందేటంత లోతు, అంటే సుమారు ఒక అడుగు నీరు కావాలి. ఉల్లంకులకు బురద కావాలి. మునిగి మేసే బాతులకు లోతైన నీరు కావాలి. సుఖ్నా వంటి వానాధార సరస్సులో ఈ మూడింటి పాళ్ళు ప్రతి ఏడాదీ మారుతాయి. వాన సమృద్ధిగా కురిసిన ఏడు నీరు అంచుల దాకా నిండి, నిస్సారమైన లోతు పెరిగి, తేలి మేసే బాతులకు చోటు తగ్గుతుంది. వాన తక్కువైన ఏడు బురద తేలి ఉల్లంకులకు విందు జరుగుతుంది. కాని వేసవి నాటికి సరస్సే కరువవుతుంది. 2010 తరువాతి దశకంలో కొన్ని ఏళ్ళు నీటిమట్టం ఆందోళనకరంగా పడిపోయింది. అదే దశకం చివర, 2018 సెప్టెంబరులో, భారీ వానల వల్ల ఏళ్ళ తరబడి మూసి ఉన్న వరదగేట్లను తెరవవలసి వచ్చింది.

ఇక్కడే నగరపాలన ఎదుర్కొనే చిక్కు ఉంది. పడవ నడిపేవారికి నిండు నీరు కావాలి. నడకకు వచ్చేవారికి శుభ్రమైన ఒడ్డు కావాలి. పక్షులకు కలుపు, రెల్లు, బురద కావాలి. పూడికను పూర్తిగా వదిలేస్తే కొన్ని దశాబ్దాలలో సరస్సు నేలగా మారుతుంది. దానిని ఒకేసారి గీరి, ఒడ్డును రాళ్ళతో కడితే నీరు మిగిలినా పక్షులు మిగలవు. పూడికను వేసవిలో భాగాలుగా తీయడం, ఒక వైపు అంచును వాలుగా, రెల్లుతో వదలడం, శరత్తులో ఆ వైపు పడవలు రాకుండా చూడడం ఈ రెండు అవసరాలను కలిపే మార్గాలు.

లెక్క ఎందుకు కావాలి

ఈ నిర్ణయాలకు ఆధారం సంఖ్యలే. భారత పక్షుల స్థితిపై 2023లో వెలువడిన జాతీయ నివేదిక 942 జాతులను పరిశీలించింది; వాటిలో 178 జాతులకు సంరక్షణలో అత్యధిక ప్రాధాన్యం అవసరమని తేల్చింది. సుఖ్నాలో శరత్తున ముందుగా కనిపించే చిన్న పరజ, తెడ్డుమూతి బాతు ఆ జాబితాలో ఉన్నాయి. పాలపిట్ట కూడా ఉంది. ఎర్రతల బాతును అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2015 నుంచి ప్రమాదపుటంచున ఉన్న జాతిగా పరిగణిస్తోంది. అందరికీ పరిచయమైన పక్షులు తగ్గిపోతున్నాయన్న సంగతి తెలిసింది సుమారు 30,000 మంది సామాన్య వీక్షకులు రాసి పంపిన జాబితాల వల్లనే.

లెక్కించే పద్ధతి కష్టమైనది కాదు. గుంపులో ముందుగా పది పక్షులను లెక్కించి, అవి ఆక్రమించిన స్థలాన్ని కంటితో కొలమానంగా తీసుకుని, మొత్తం గుంపులో అటువంటి భాగాలు ఎన్ని ఉన్నాయో చూడాలి. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, నడిచిన దూరం రాయాలి. కాకి, గోరువంక వంటి సామాన్య పక్షులను వదలరాదు. కనిపించని జాతి కూడా సమాచారమే; పూర్తి జాబితా ఉన్నప్పుడే ఆ లోటు బయటపడుతుంది. ఈ జాబితాలను ఈబర్డ్ వంటి వేదికలలో ఎవరైనా నమోదు చేయవచ్చు. ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి కొనసాగుతోంది. శరత్కాలపు జాబితాలు దానికి ముందుమాట వంటివి.

దేశంలో ఈ అలవాటుకు శాస్త్రీయమైన పునాది వేసినవారు సలీం అలీ. ఆయన జన్మదినమైన నవంబరు 12ను పక్షివీక్షకులు దేశమంతటా జరుపుకుంటారు. 1931-32లో నాటి హైదరాబాద్ సంస్థానంలో ఆయన చేసిన పక్షుల సర్వే తెలుగు ప్రాంతాల పక్షిసంపదకు తొలి క్రమబద్ధమైన నమోదులలో ఒకటి. నేటి మార్పును కొలవడానికి అటువంటి పాత లెక్కలే గీటురాళ్ళు.

ఒడ్డున పాటించవలసిన మర్యాద

పక్షులకు రొట్టెముక్కలు, పేలాలు వేయరాదు. అవి పోషణ ఇవ్వవు, నీటిని పాడుచేస్తాయి, పెంపుడు, అడవి పక్షులను ఒకేచోట గుమికూడేలా చేసి వ్యాధుల వ్యాప్తికి దారితీస్తాయి. 2014 డిసెంబరులో సుఖ్నాలోని పెంపుడు బాతులకు బర్డ్ ఫ్లూ సోకగా, మిగిలిన వాటిని వధించి, సరస్సును సందర్శకులకు కొంతకాలం మూసివేశారు. చనిపోయిన పక్షి కనిపిస్తే తాకకుండా అటవీ శాఖకు, లేదా పశుసంవర్ధక శాఖకు తెలపాలి. ఫోటో కోసం గుంపును లేపడం, ఫోనులో కూతలు వినిపించి పిలవడం తగవు. వేల కిలోమీటర్లు ఎగిరివచ్చిన పక్షికి ప్రతి అనవసరపు ఎగురుడూ శక్తి నష్టమే. మట్టిరంగు దుస్తులు, తక్కువ మాటలు, ఒకేచోట ఓపికగా కూర్చోవడం ఎక్కువ పక్షులను దగ్గరకు తెస్తాయి.

దక్షిణాన ఎదురుచూసే నీళ్ళు

ఇవే జాతుల బాతులు కొల్లేరు, పులికాట్ దాకా కూడా వస్తాయి. హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు; నగర పరిధిలోని జలాశయానికి ఆ గుర్తింపు లభించడం దేశంలో అదే మొదటిసారి. సుఖ్నాకు హైకోర్టు తీర్పు వలె, అమీన్‌పూర్‌కు ఆ ప్రకటన ఒక రక్షణ కవచం. అయితే ప్రకటన తరువాత ఏం జరిగిందో చెప్పగలిగేది ఏటేటా ఒడ్డున నిలబడి రాసిన జాబితా ఒక్కటే. సమీపంలోని ఏ చెరువు వద్దనైనా అక్టోబరు, నవంబరులలో రెండు ఉదయాలు కేటాయిస్తే చాలు. ఆ జాబితాకు తొలి పుట సిద్ధమవుతుంది.